పచ్చబూజుకు పర్మిషన్: అనంతపురం నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 9

ఈ ప్రాజెక్టు గురించి ఇకపై రాసి పెట్టుకోవాలని ఈరోజే అనుకున్నాను. మామ అడిగిన ప్రశ్న దీనికి కారణం. రాప్తాడు వైపు ఆయన చేనులో రెండేళ్ల కిందట వేరుశెనగంతా కాండం కుళ్ళు వచ్చి పడిపోతే, గట్టు పక్కన ఒక్క చాప పరిచినంత మేర మొక్కలు పచ్చగా నిలబడ్డాయి. అక్కడి మట్టి తెచ్చి ల్యాబ్ ప్లేట్ల మీద వేస్తే ఆకుపచ్చ బూజు దట్టంగా వచ్చింది. ట్రైకోడెర్మా. పక్కనే కాండం కుళ్ళు శిలీంధ్రాన్ని పెడితే నాలుగు రోజుల్లో దాని మీదికి పాకి కప్పేసింది.

ఇప్పుడు దాన్ని పొడి చేసి, ప్యాకెట్లలో పెట్టి మా రైతు సంఘం పేరుతో అమ్మాలని ఆలోచన. రిజిస్ట్రేషన్ కావాలి అనగానే మామ నవ్వాడు.

"నా చేన్లో పుట్టిన బూజు పాపా అది. దానికి ఢిల్లీవాళ్ల పర్మిషన్ ఎందుకు?"

ఢిల్లీ కాదు మామా, దాని పక్కన ఫరీదాబాద్ అని చెప్పాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. మన చట్టంలో పురుగుమందు అంటే పురుగును చంపేది మాత్రమే కాదు. 1968 నాటి చట్టం, 1971 నాటి నిబంధనలు తెగులు మందునీ, కలుపు మందునీ, చివరికి ప్రాణమున్న ఈ బూజునీ ఒకే గాటన కట్టాయి. మామ తన చేను మట్టి తన చేనులోనే చల్లుకుంటే ఎవరూ అడగరు. ప్యాకెట్లో పెట్టి, పేరు పెట్టి, ధర వేసి ఇంకొకరికి అమ్మితే మాత్రం కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ కమిటీ ఒప్పుకోవాలి. అదైన తర్వాత తయారీకి మన రాష్ట్రం లైసెన్సు.

మామకు సగమే నచ్చింది.

జూన్ 20

బూజు పేరు తేలింది. ట్రైకోడెర్మా హార్జియానమ్. మొదట ఐటీఎస్ అనే ఒకే డీఎన్‌ఏ భాగం చూసి పంపిన రిపోర్టుతో సంబరపడ్డాం. ఐటీఎస్ ఒక్కటే చూస్తే దగ్గరి జాతులు విడివడవు, టెఫ్1 జీన్ కూడా చదివించు అని మా పాత ప్రొఫెసర్ గారు మందలించారు. చదివించాను. కల్చర్‌ను, అంటే పెంచిన బూజు నమూనాను, సూక్ష్మజీవుల్ని భద్రపరిచే జాతీయ భాండాగారానికి పంపాం, నంబరు వచ్చాక ఫైల్లో వేయాలి.

ఇది ఎందుకంటే, అనుమతి 'ట్రైకోడెర్మా' అనే మాటకు ఇవ్వరు. ఈ మట్టి నుంచి తీసిన ఈ ఒక్క స్ట్రెయిన్‌కు, అంటే ఈ ఒక్క బూజు వంశానికి ఇస్తారు. ఎవరికో ఇప్పటికే రిజిస్టరైన మందు లాంటిదే మనమూ చేస్తే 9(4) సెక్షన్ దారి ఉంది. మనది కొత్త స్ట్రెయిన్ కాబట్టి 9(3బి). అది రెండేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్. ఆ రెండేళ్లలో అమ్ముకుంటూనే మిగిలిన డేటా పూర్తి చేసుకోవాలి.

ఫైల్లో నాలుగు భాగాలు. అది ఏమిటి, ఎలా తయారవుతుంది అనేది ఒకటి. తెగులు మీద పనిచేస్తుందా అనేది రెండోది. మనిషికి, పశువుకు, చేపకు, తేనెటీగకు హాని ఉందా అనేది మూడోది. ప్యాకింగు, లేబులు నాలుగోది. పనిచేస్తుందా అన్న దానికే ఏడాదంతా పోతుందని నా అంచనా.

జూలై 14

రెండు బూజులతో మొదలుపెట్టి ఒకదాన్ని వదిలేశాం. రెండోది బ్యువేరియా, పురుగుల ఒంటి మీద తెల్లగా మొలిచి చంపేది. మంచి పనిమంతురాలు. కానీ మా సభ్యుల్లో హిందూపురం, మడకశిర వైపు మల్బరీ పెట్టినవాళ్లు ఉన్నారు. పట్టుపురుగుకు వచ్చే సున్నపుకట్టు రోగం బ్యువేరియాదే. చేనులో కొట్టిన పొడి గాలికి పోయి పట్టుపురుగులు గూళ్లు అల్లే చంద్రికల మీద పడితే ఎవరు జవాబు చెప్పాలి? పట్టు పెంచే చోట వాడొద్దని లేబులు మీద రాస్తే సరిపోతుంది అన్నారు ఒకరిద్దరు. గాలి లేబులు చదవదు. మీటింగ్‌లో పది నిమిషాల్లో తేలిపోయింది, వద్దు.

ఆగస్టు 30

ఫీల్డ్ ట్రయల్. యూనివర్సిటీ పరిశోధనా స్థానంలో తెగులు మట్టి మడి ఇచ్చారు. కాండం కుళ్ళు శిలీంధ్రాన్ని ఉడికించిన జొన్నల మీద పెంచి, ఆ జొన్నల్నే మట్టిలో కలుపుతారు.  

కదిరి-6 రకం వేరుశెనగ పప్పు, కిలోకు 10 గ్రాముల పొడితో విత్తనశుద్ధి. ఇంకో మోతాదు తక్కువ, ఇంకోటి ఎక్కువ. పోలికకు టెబుకొనజోల్ అనే రసాయన తెగులు మందు కలిపిన విత్తనం, ఏమీ కలపనిది ఒకటి. ఒక్కోటి నాలుగు చోట్ల. వేరుశెనగ పప్పుకు నీళ్లు ఎక్కువైనా, చేత్తో గట్టిగా రుద్దినా పైపొర ఊడిపోతుంది. ఆ పని నేనే చేశాను, కూలీలకు ఇవ్వలేదు.

అక్టోబరు 18

ఏమీ కలపని మడిలో కూడా తెగులు లేదు.

విత్తిన తర్వాత ఒక్క మంచి వాన పడింది, తర్వాత చినుకు లేదు. కాండం కుళ్ళుకు తడి, వేడి రెండూ కావాలి. వేడి ఉంది, తడి లేదు. చుట్టుపక్కల రైతులు ఈ ఏడు తెగులు రాలేదని దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. జిల్లా మొత్తం మీద తెగులు రాలేదని కళ్లనీళ్లు పెట్టుకున్నది మా టీమే. మందు వేసిన చోట తెగులు తక్కువ అని చూపాలంటే, వేయని చోట ఎక్కువ ఉండాలి కదా. ఈ సీజన్ లెక్కలోకి రాదని సైంటిస్టు గారు నెమ్మదిగా చెప్పారు. నాకు ముందే తెలుసు, ఆయన నోటితో వినడం ఇంకోటి.

రబీలో బోరు కింద మళ్లీ వేస్తాం. తడి మన చేతిలో ఉంటుంది.

నవంబరు 26

తయారీలో నేను చేసిన పెద్ద తప్పు ఇవాళ బయటపడింది.

సెప్టెంబరు వరకు బెల్లం మడ్డి, ఈస్టు కలిపిన ద్రవంలో బూజును పెంచి టాల్క్ పొడిలో కలిపాం. సులభం, తొందరగా అవుతుంది. మొదటి రోజు లెక్క చూస్తే అద్భుతం. లెక్క ఇలా చేస్తాం: గ్రాము పొడిని లక్ష రెట్లు పలచన చేసి, ట్రైకోడెర్మా బాగా మొలిచే ఎంపిక మీడియం మీద పోస్తాం, ఎన్ని మొలిస్తే గ్రాముకు అన్ని లక్షలు. ట్రైకోడెర్మాకు కనీసం 20 లక్షలు ఉండాలి. మొదటి రోజు 64 వచ్చాయి.

రేకుల షెడ్డులో 90 రోజులు పెట్టిన అదే బ్యాచ్ ప్లేట్లు ఇవాళ చూశాను. మూడు ప్లేట్లలో 12, 9, 11. సరిపోదు. ఏసీ గదిలో పెట్టింది మాత్రం ఇంకా 50 పైనే. రైతు ఇంట్లో ఏసీ ఉంటుందా? యూరియా బస్తాల పక్కన, గేదెల కొట్టంలో, మే నెలలో రేకుల కింద ఉండాలి ఇది.

మైక్రోస్కోప్ కింద చూస్తే కారణం దొరికింది. ద్రవంలో పెరిగినప్పుడు ఎక్కువ భాగం పోగులే, పచ్చని సిద్ధబీజాలు తక్కువ. పోగు ఎండకు తట్టుకోదు. జొన్నల మీద పెంచితే బీజాలు దట్టంగా వస్తాయి, గింజ మీద పచ్చ పౌడరు రాసినట్టు. కాబట్టి ఇకనుంచి జొన్నలే. ట్రయల్‌కు కాండం కుళ్ళు శిలీంధ్రాన్ని పెంచిందీ వాటి మీదే, ఇక రోగానికీ మందుకీ ఒకే మెస్సులో భోజనం. కర్నూలు నుంచి రెండు బస్తాలు తెప్పించాం. పని నాలుగింతలు అయింది: నానబెట్టాలి, సగం ఉడికించాలి, ఆటోక్లేవ్‌లో ఒత్తిడి ఆవిరి పట్టి వేరే సూక్ష్మజీవుల్ని చంపాలి, ఒకదానికొకటి అంటుకోకుండా రోజూ సంచులు కుదపాలి, పదో రోజున ఆరబెట్టి జల్లెడ పట్టాలి.

అప్పటిదాకా కూడబెట్టిన నిల్వ డేటా అంతా చెత్తబుట్టకు. తయారీ విధానం మారితే నిల్వ లెక్క మళ్లీ సున్నా నుంచే.

డిసెంబరు 11

నల్లచుక్కలు. జొన్నల బ్యాచ్‌లో మూడు సంచులు నల్లబడ్డాయి. యాస్పర్జిల్లస్ నైజర్. ఉల్లిపాయ పొర మీద కనిపించే నల్లబూజు అదే. వేరుశెనగకు మొదలు కుళ్ళు తెచ్చేదీ అదే. అంటే కాండం కుళ్ళు ఆపుతాం తీసుకోండి అని రైతుకిచ్చే ప్యాకెట్లో, మొదలు కుళ్ళు విత్తనం కూడా పెట్టి ఇస్తున్నామన్నమాట.

నిబంధనల ప్రకారం ఇతర సూక్ష్మజీవుల లెక్క గ్రాముకు 10 వేలు దాటకూడదు. సాల్మొనెల్లా, షిజెల్లా, విబ్రియో లాంటివి అసలే ఉండకూడదు. ఆ మాట చదివినప్పుడు, మట్టిలో వేసేదానికి ఇంత శుభ్రత ఎందుకని విసుక్కున్నాను. ఇప్పుడు విసుగు లేదు.

జొన్నలు నానే నీళ్లు మార్చలేదని తేలింది. ఆ రాత్రి కరెంటు పోయి ఆటోక్లేవ్ మధ్యలో ఆగింది కూడా. మధ్యలో ఆగితే మళ్లీ మొదటినుంచి చేయాలని గోడ మీద రాసి అంటించాను.

జనవరి 24

టాక్సికాలజీకి, అంటే విషప్రభావ పరీక్షలకు ల్యాబ్ మాట్లాడాం. మంచి ల్యాబ్ పద్ధతులు పాటిస్తుందని చెప్పే జీఎల్‌పీ సర్టిఫికెట్ ఉన్న ల్యాబ్ అయితేనే రిపోర్టుకు బరువు. ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి చూడటం, చర్మం మీద, ఊపిరితిత్తుల్లోకి. కొటేషన్ చూసి మా సంఘం అధ్యక్షుడు (అన్న అని పిలుస్తాం) ఒక నిమిషం మాట్లాడలేదు. మా షెడ్డు, ఆటోక్లేవ్, శుభ్రమైన గాలి వీచే లామినార్ బల్ల కలిపినా అంత కాలేదు.

"బూజు తిని ఎలుక చస్తాదా పాపా?"

"చావదన్నా. చావదని కాగితం కావాలి."

సంఘం జనరల్ బాడీలో పెట్టి ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. ఈ ఖర్చు దగ్గరే చిన్న యూనిట్లు చాలావరకు ఆగిపోతాయి. ఆగిపోయినవాళ్లు అందరూ పని మానేయరు, అదే సమస్య.

ఫిబ్రవరి 2

పై వాక్యానికి ఉదాహరణ ఇవాళే దొరికింది. తెలిసిన డీలరు ఒకాయన షెడ్డుకు వచ్చి టీ తాగుతూ సలహా ఇచ్చాడు. "ఎందుకమ్మా ఇంత టెన్షన్? తెగులు మాట తీసెయ్యండి. వేర్లు బాగా వస్తాయి, మొక్క ఏపుగా పెరుగుతుంది అని రాయండి. పేరు ముందు బయో అని పెట్టండి. సీజన్‌కి వెయ్యి ప్యాకెట్లు నేనే తీసుకుంటా."

అధ్యక్షుడు అన్న నా ముఖం చూశాడు. ఆయన్ని తప్పు పట్టను, కొటేషన్ ఆయన జేబులోనే ఉంది.

సాయంత్రం మామ చేతిలో ఒక సంచి. ఇదే రకం పొడి, ఊళ్లో ఎవరో ఇచ్చారట, బయో పేరుతో. ప్యాకెట్ తిప్పి చూశాను. సీఐఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు లేదు. కాలం చెల్లే తేదీ ఉంది, తయారైన తేదీ లేదు. ఊరికే మూడు ప్లేట్లు పోశాను.

ఫిబ్రవరి 7

ఆ మూడు ప్లేట్లలో ఒక్క పచ్చ కాలనీ కూడా లేదు. బాక్టీరియా జిగురుగా వ్యాపించింది, రెండు నల్లచుక్కలు. ప్లేట్లు తీసుకెళ్లి అన్న ముందు పెట్టాను. ఏమీ అనలేదు. మరుసటి రోజు ల్యాబ్‌కు అడ్వాన్స్ కట్టారు.

మార్చి 30

రబీ ట్రయల్ పీకాం. ఈసారి తెగులు వచ్చింది. పొడి కలపని మడిలో మొక్క మొదట్లో తెల్లటి పోగులు, ఆవగింజల్లాంటి గోధుమరంగు గుళ్లు. ఇంత సంతోషంగా తెగులు ఫొటోలు నేను ఎప్పుడూ తీయలేదు. కిలోకు 10 గ్రాముల మోతాదు చోట తేడా కంటికే కనిపిస్తోంది. టెబుకొనజోల్ మా దానికంటే మెరుగ్గానే ఉంది. దాన్ని దాచను, పట్టికలో అలాగే పోతుంది. రైతు ఎలాగూ రెండూ పక్కపక్కన వేసి చూస్తాడు.

అక్కడే ఒక చిక్కు కూడా తెలిసింది. పక్క మడి వాళ్లు విత్తనానికి ముందు మా పొడి కలిపి, దాని మీద మాంకోజెబ్ అనే రసాయన తెగులు మందు కలిపారు. తెగులు మందుకు మా బూజూ తెగులే, చంపేస్తుంది. కలిపితే ముందు రసాయనం, ఆరిన తర్వాత చివర్లో ట్రైకోడెర్మా. కరపత్రంలో ఇది మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మే 6

నిల్వ పరీక్ష. రెండు వేర్వేరు వాతావరణాల్లో, మామూలు గది వేడిలో ఉంచి, అక్కడి ఉష్ణోగ్రత, తేమ రికార్డుతో సహా చూపాలి. మనకు ఒకటి అనంతపురం రేకుల షెడ్డు, రెండోది బెంగళూరులో మా అక్క ఇంటి స్టోర్ రూమ్. అక్కకు ఒక థర్మోహైగ్రోమీటర్ ఇచ్చి, పొద్దున, సాయంత్రం ఫొటో పంపమన్నాను. పంపుతోంది, పాపం. బియ్యం డబ్బా పక్కన ట్రైకోడెర్మా ఏంటని బావ రోజూ అడుగుతున్నాడట.

షెడ్డులో ఇవాళ మధ్యాహ్నం 43. చేతితో రేకు ముట్టుకోలేం. జొన్నల బ్యాచ్ ఐదో నెల ప్లేట్లు: 44, 39, 47. ద్రవం బ్యాచ్ మూడు నెలలకే పడిపోయింది, ఇది ఇంకా నిలబడింది. పొడిలో తేమ 8 శాతానికి మించకూడదు, మనది 6 దగ్గర ఉంది. అదే కాపాడుతున్నట్టుంది.

అన్నీ బాగున్నాయి అనుకునేలోపే ఒకటి జరిగింది. బయటి ల్యాబ్‌కు పంపిన నమూనా లెక్క 20 కంటే తక్కువ అని రిపోర్టు. శుక్రవారం పంపాను. ఆది, సోమ సెలవులు. ప్యాకెట్ ఎక్కడో కొరియర్ గోడౌన్‌లో ఎండలో మూడు రోజులు. అట్ట పెట్టె, ఐస్ జెల్ లేదు. షెడ్డులో ఐదు నెలలు బతికిన బూజు పెట్టెలో మూడు రోజుల్లో చచ్చిందా అని మొదట నమ్మలేదు. మూసిన పెట్టె, మూసిన వ్యాన్, ఎండ. కారు అద్దాలు ఎక్కించి వదిలితే ఏమవుతుందో అందరికీ తెలుసు. రైతు స్కూటర్ డిక్కీలో పెట్టుకొని సంత చూసుకొని ఇంటికెళ్తే? కరపత్రంలో ఇంకో వాక్యం: ప్యాకెట్ బండి మీద ఎండలో ఉంచొద్దు.

మళ్లీ నమూనా, థర్మాకోల్ పెట్టెలో, సోమవారం పొద్దున. 46 వచ్చింది.

జూన్ 15

లేబులు. దీని గురించి అరపేజీ రాస్తే చాలనుకున్నాను.

మొదటిది ఆ వజ్రం ఆకారపు గుర్తు. కింద భాగం రంగు విషం స్థాయిని చెబుతుంది. ఎరుపు తీవ్ర విషం, తర్వాత పసుపు, నీలం, చివరగా ఆకుపచ్చ. ఎలుకకు నోటి ద్వారా ఇచ్చిన మోతాదును బట్టి ఇది తేలుతుంది. కిలో బరువుకు 5000 మిల్లీగ్రాముల పైన ఉంటే ఆకుపచ్చ. టాక్సికాలజీ రిపోర్టు వచ్చింది, మనది ఆకుపచ్చ. డిజైనరు కుర్రాడు చక్కగా గీసి, అందం చెడిపోతుందని మూలకు, చిన్నగా పెట్టాడు. నిబంధన ప్రకారం లేబులు ముఖభాగంలో కనీసం పదహారో వంతు ఉండాలి. మన లేబులు 16 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు. అంటే 160 చదరపు సెంటీమీటర్లలో 10. అతను పెట్టింది 2 సెంటీమీటర్ల భుజం, 4 చదరపు సెంటీమీటర్లు. స్కేలు పట్టుకొని చూపించాను. ఇప్పుడు 3.2 భుజం.

రెండోది అధ్యక్షుడు అన్న కోరిక. "ఆకుపచ్చ వచ్చింది కదా, వంద శాతం సురక్షితం అని పెద్దగా వేయించు." కుదరదు. సురక్షితం, విషం కాదు, హాని లేదు లాంటి మాటలు లేబులు మీద వాడకూడదని నిబంధనల్లోనే ఉంది, చెప్పిన విధంగా వాడితే అని జోడించినా సరే. ఆయనకు కోపం వచ్చింది.

"ఇన్ని లక్షలు పోసి ఎలుక చావదని తేల్చుకుంటే, ఆ మాట రాయకూడదా?"

"రాయకూడదన్నా."

"మరి ఆ బయో వాళ్లు రాసుకుంటున్నారే?"

"వాళ్లు ఎలుకకు పెట్టలేదు."

మూడోది కరపత్రం. హిందీ, ఇంగ్లీషు, ప్రాంతీయ భాషల్లో ఉండాలి. తెలుగు నేనే రాశాను. మొదటి ముసాయిదాలో 'మృత్తికా జనిత వ్యాధికారకాలు' అని రాసి, మామకు చదివి వినిపించాను. "ఎవరికి పెళ్లి?" అన్నాడు. 'మట్టి నుంచి వచ్చే తెగులు' అని మార్చాను. మామ ఆపిన చోట్లన్నీ మార్చాను, మొత్తం పద్నాలుగు చోట్ల.

జూలై 3

ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ అయింది. రాత్రి ఒంటిగంటకు, వానకు కరెంటు వస్తూ పోతూ. దరఖాస్తు ఫారమ్-1, దాని వెనక మూడు పెద్ద ఫైళ్లు. చట్టం ప్రకారం కమిటీకి 12 నెలల గడువు, అవసరమైతే ఇంకో 6 నెలలు. కమిటీ మీటింగ్ మినిట్స్ ఇంటర్నెట్‌లో పెడతారు. ఏది ఎందుకు ఆగిందో వాటిలో ఉంటుంది. పాతవి చదువుతుంటే, ఇంకెవరిదో ఫైలు ఆగిన కారణం మన ఫైల్లో కూడా ఉందేమోనని నిద్ర పట్టదు.

సెప్టెంబరు 19

లేఖ వచ్చింది. మూడు ప్రశ్నలు. రెండింటికి జవాబు ఫైల్లోనే ఉంది, పేజీ నంబరు తప్పు వేశాను. మూడోది సరైనది. బెంగళూరు నిల్వ డేటాలో తొమ్మిది రోజుల తేమ రికార్డు లేదు. అక్క వాళ్లు తిరుపతి వెళ్లిన తొమ్మిది రోజులు.

అక్కను ఏమీ అనలేదు. తప్పు నాదే, ప్రతివారం సరిచూసుకోవాల్సింది. ఆ రోజుల డేటా అధికారిక వాతావరణ కేంద్రం నుంచి తీసుకొని, ఎందుకు లేదో నిజం రాసి జతచేశాను. అదనంగా ఇంకో మూడు నెలల నిల్వ లెక్క కూడా ఇస్తామని రాశాను.

అక్టోబరు 4

మామ వచ్చాడు. ఆయన చేను మళ్లీ పసుపు తిరుగుతోంది, ఈసారి వానలు బాగా పడ్డాయి, తెగులుకు అనుకూలమే.

"అయిపాయనా పాపా?"

"ఇంకా లేదు మామా."

"నా మట్టే గదా. ఒక ప్యాకెట్టు ఇయ్యి."

ప్యాకెట్ ఇవ్వలేను. రిజిస్ట్రేషన్ రాని మందు ప్యాకెట్ నా చేతి నుంచి పోకూడదు. కానీ ఇప్పుడు మొక్క మొదట్లో పోసినా అంత ఉపయోగం ఉండదు, పని విత్తనం దగ్గరే మొదలవ్వాలి. అది చెప్పి, తెగులు తగిలిన మొక్కల్ని చుట్టూ మట్టితో సహా పీకి తగలబెట్టమన్నాను. ఆ తెగులు శిలీంధ్రపు గుళ్లు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. ఆయన కాసేపు షెడ్డులో కూర్చొని, జొన్నల సంచుల్ని తిప్పి తిప్పి చూశాడు.

"బాగా పట్టింది" అని లేచాడు.

సోమవారం షెడ్డు బ్యాచ్ పదో నెల ప్లేట్లు. మీడియం సీసాలు రేపు కడిగి పెట్టాలి, మీడియంలో కలిపే రోజ్ బెంగాల్ రంగు అయిపోవచ్చింది, తెప్పించాలి. అక్కకు కొత్త బ్యాటరీలు పంపాలి.